కొనితెచ్చిన విందు

తెలుగున విందు అను మాటకు రెండర్థములు గలవు. ఇంట పెట్టెడు మేలైన భోజనము విందు. ఆ భోజనమునకై వచ్చిన అతిథియు విందే. తినెడు వస్తువును, తినవచ్చిన మనిషిని మన పూర్వు లొక్క మాటతోనే పిలిచిరి. ఈ రెంటిని విడదీయరాదని వారి భావము కాబోలు. నేడు మనము విడదీసితిమి. అతిథి మన ఇంటికి వచ్చుచున్నాడు. విందు మాత్రము అంగడినుండి వచ్చుచున్నది. పుట్టినరోజైనను, నామకరణమైనను, సీమంతమైనను అట్టపెట్టెలో కేకు, ప్లాస్టిక్ డబ్బాలో మిఠాయి, సీసాలలో రంగునీళ్లు తెప్పించి, బల్లమీద పరచి, అంతయు సిద్ధమైనదని తృప్తి పడుచున్నాము. సిద్ధము చేసినవా రెవరు? దేనితో చేసిరి? ఎన్నడు చేసిరి? ఈ మూడు ప్రశ్నలకును ఇంటివారికి సమాధానము తెలియదు. తనకే తెలియని వస్తువును అతిథి నోటికందించుట మర్యాద యెట్లగునో మాకు బోధపడకున్నది.

ఇది ముసలివారి సణుగుడని కొందరు నవ్వవచ్చును. నవ్వుదురు గాక. మేము చెప్పదలచినది ఒక్కటే. బేతమంగళవంటి ఊళ్లలో విందు వంటను ఇంట చేసికొనుట మానినచో మనము పోగొట్టుకొనునది దేహారోగ్య మొక్కటియే కాదు. కన్నడదేశమున మనకు మిగిలియున్న తెలుగును కూడ పోగొట్టుకొందుము. ఈ మాట అతిశయోక్తివలె తోచినవారు తుదవరకు చదువవలెనని ప్రార్థన.

మొదట మన సీమను చూతము. పాలారు ఒడ్డున వెలసిన ఊరు మనది. మన చెరువు నీరే పెక్కు దశాబ్దములు బంగారు గనుల ఊళ్ల దాహము తీర్చినది. పాలు, పట్టు, బంగారము - ఈ మూటికి కోలారు జిల్లా పేరు పొందినది. బంగారము మాట 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడుటతో ముగిసినది. పాలు ముగియలేదు. రాగులు ముగియలేదు. చెనిక్కాయలు, నువ్వులు, ఉలవలు, చలికాలమున అనపకాయలు, వేసవిలో శ్రీనివాసపురపు మామిడిపండ్లు, అన్నియు మన గడపముందే యున్నవి. విందునకు కావలసిన సామగ్రి ఇంతకంటె మరేమి కావలెను? ఇన్ని యుండగా ఎక్కడనో మరపట్టిన మైదాపిండికిని, డబ్బాలలో వచ్చిన నురుగు క్రీముకును చేయి చాచుట దారిద్ర్యము కాక మరేమి? అది డబ్బులేని దారిద్ర్యము కాదు. డబ్బుండియు వచ్చిన దారిద్ర్యము.

ఇందులకు మూలమైన దొక సిగ్గు. రాగిని మనము ఇంట సంగటిగా తిందుము గాని, నలుగురు వచ్చినపుడు దాచుదుము. అది బీదవాని తిండి యనియు, నల్లని పిండి యనియు, అతిథికి పెట్టరాదనియు మన లోపల నొక భ్రమ యున్నది. ఈ భ్రమ నేటిది కాదు. కన్నడభక్తకవి కనకదాసు రామధాన్యచరితె అను కావ్యమున ఈ తగవునే కథగా చెప్పెను. వరికిని రాగికిని ఆధిక్యము విషయమై వివాదము పుట్టగా, శ్రీరాముడు రెంటిని చెరలో పెట్టించి, చెడక నిలిచిన రాగికి గెలుపు నిచ్చెనట. నేటి శాస్త్రజ్ఞులు ఆ తీర్పును వేరొక విధముగా సమర్థించుచున్నారు. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలిన సంస్థ నేటి జాతీయ పోషకాహార సంస్థ. వారి పట్టికల ననుసరించి 100 గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియ మున్నది. పాలిషు పట్టిన బియ్యమున అది సుమారు 10 మిల్లీగ్రాములే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ప్రపంచమంతయు మన ధాన్యమును పొగడుచుండగా మనము దానిని అతిథికి కనబడకుండ వంటింట దాచుచున్నాము!

రాగితో విందు సాధ్యమా యని అడుగువారికి లెక్కతోనే బదులు చెప్పెదము. రాగులను ఒక పగలు నానవేసి, గుడ్డలో మూటకట్టి, మొలక రాగానే నీడన ఆరబెట్టి, దోరగా వేయించి విసరవలెను. మొలకెత్తునపుడు గింజలోని పిండిపదార్థము కొంత తనంతట తానే తీపిగా మారును. పిండికి కమ్మని వాసన వచ్చును. అందలి పోషకములు ఒంటికి బాగుగా పట్టును. అట్టి పిండి ఒక కిలో, బెల్లము 650 గ్రాములు, నెయ్యి 300 గ్రాములు తీసికొని, పిండిని నేతిలో సన్నని సెగమీద పచ్చివాసన పోవువరకు వేయించి, బెల్లపుపొడియు ఏలకులును కలిపి, వేడి తగ్గకమునుపే ఉండలు చుట్టినచో, 30 గ్రాముల ఎత్తు లడ్డులు 65 వచ్చును. ఒక్కొక్క లడ్డులో బెల్లము 10 గ్రాములు. కాల్షియము సుమారు 50 మిల్లీగ్రాములు. పెద్ద పుట్టినరోజు పండుగకు ఇది చాలదా? తోడుగా బొరుగుల ఉండలు, చెనిక్కాయ చిక్కి, నిప్పట్లు, కాలమును బట్టి పితికిన అనపపప్పు గుగ్గిళ్లు, అరటిపండు రసాయనము, ఏలకి పానకము ఉంచినచో ఏ పిల్లవాడు అలిగి లేచిపోవును?

ఇక ఓళిగ సంగతి. కన్నడ సోదరులు ఒబ్బట్టనియు, హోళిగె యనియు అందురు. కోస్తా తెలుగువారు బొబ్బట్టందురు. శనగపప్పును పలుకు విడువక మెత్తబడునట్లు ఉడికించి, నీరు వార్చి, బెల్లముతో రుబ్బిన పూర్ణము ఓళిగకు పోవును; వార్చిన కట్టు చింతపండు, మిరియము, కరివేపాకులతో చేరి ఓళిగ చారు అగును. ఒక్క పప్పు, ఒక్క పొయ్యి. తీపి ఒకటి, కారము ఒకటి. చుక్క నీరు వృథా కాదు. ఏ పాకశాస్త్రజ్ఞుడు కూర్చుండి కనిపెట్టెనో తెలియదు గాని, ఇంతకు మించిన పొదుపును ఏ అర్థశాస్త్రమును నేర్పజాలదు. అంగడిలో ఓళిగ కొన్నవానికి చారు రాదు. సగము విద్య అంగడిలోనే నిలిచిపోవును.

అంగటివారిని నిందించుట మా ఉద్దేశము కాదు. వారి కష్టము వారిది. కాని వారి వస్తువునకును మన వస్తువునకును పుట్టుకలోనే భేద మున్నది. అంగటి తీపి అలమారకై పుట్టినది. ఇంటి తీపి అతిథికై పుట్టినది. అలమారలో దినముల తరబడి నిలువవలసిన వస్తువు మెత్తదనము కోల్పోరాదు, కారిపోరాదు, కనరు వాసన రారాదు, దూరమునుండి కంటిని లాగవలెను. అందులకే గడ్డకట్టిన వనస్పతియు, రంగులును అవసరమైనవి. నూనెను హైడ్రోజనుతో గడ్డకట్టించిన వనస్పతి 1937లో డాల్డా అను పేరుతో మన దేశమున నేతికి మారుగా వచ్చి, దేశమంతట మిఠాయి మూకుళ్లలో స్థిరపడినది. అట్లు గడ్డకట్టించునపుడు పుట్టెడు ట్రాన్స్ కొవ్వు గుండెకు చేటని తేలిన పిమ్మట, మన ప్రభుత్వము నూనెలలోను వనస్పతిలోను దాని పరిమితిని 2021లో నూటికి 3 పాళ్లకును, 2022లో 2 పాళ్లకును తగ్గించినది. ఎనుబదియేండ్లకు పైగా తిన్న తరువాత వచ్చిన తీర్పిది! తిన్నవారి గుండెలకు ఈ తీర్పు వెనుకకు పోయి వర్తించునా?

రంగుల సంగతి ఇంతకంటె దగ్గరిది. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వము గోబీ మంచూరియాలోను, పీచుమిఠాయిలోను కృత్రిమపు రంగులు వాడరాదని నిషేధించినది. ఆ సంవత్సరమే బెంగుళూరు బేకరీలలోని కేకులను పరీక్షింపగా, 235 నమూనాలలో 12 భద్రముగా లేవని ఆహారభద్రతాధికారులు ప్రకటించిరి. న్యాయము చెప్పవలెనన్నచో తక్కిన 223 నిలిచినవి. కాని పెట్టె విప్పునపుడు మన ముందున్నది ఆ పండ్రెండింటిలోనిదో, తక్కినవానిలోనిదో తెలుపు గుర్తేమైన కలదా? ఇంటి వంటలో ఈ ప్రశ్నకే తావు లేదు. పసుపు రంగు పసుపునుండియు, ఎరుపు బీటురూటునుండియు, గోధుమవన్నె బెల్లమునుండియు వచ్చునని చేసినవారి కండ్లే సాక్ష్యము.

కేకు పరదేశపు తిండి గనుక దానిని వెలివేయుడని మేము చెప్పుటలేదు. అట్టి సంకుచితత్వము మా కక్కరలేదు. బంగారు గనులకు ఇంగ్లండునుండి, ముఖ్యముగా కార్న్‌వాల్ సీమనుండి వచ్చిన గనిపనివారి దేశమున, గనిలోనికి దిగు మగవానికి ఇంటి ఆడువారు మాంసమును దుంపలను పిండిలో మడిచి కాల్చి మూటకట్టి యిచ్చెడి ఆచార ముండెను. మన గని ఊళ్లలోని ఆంగ్లో ఇండియను కుటుంబములు క్రిస్మసునకు ముందునుండియే ఎండుపండ్లు నానవేసి కేకునకు సిద్ధపడుటయు, ఇంటిల్లిపాది కూర్చుండి కల్‌కల్ పిండిని ఫోర్కు ముండ్లమీద చుట్టుటయు, ఇరుగుపొరుగువారికి పళ్లెములు పంపుటయు ఈ ప్రాంతమువారికి తెలియని విషయము కాదు. వారు రోజ్ కుకీ యనునది మన గులాబీపువ్వే. ఇనుప అచ్చు ఒక్కటే, మూకుడు ఒక్కటే. వారి కేకు వారి ఇంట పుట్టినది. మనము అనుకరింపవలసిన దేదైన నున్నచో అది వారి కేకు కాదు, వారి శ్రమ. మనము కేకును తీసికొని శ్రమను విడిచితిమి. గోధుమపిండి, గ్రుడ్లు, వెన్న, బెల్లము కలిపి మీ ఇంట మీరే కేకు కాల్చినచో దానికి మొదట చేయి చాచువారము మేమే.

ఇక ఆక్షేపణలు. మొదటిది, తీరిక లేదనుట. ఇందు సత్యమున్నది. గనులు మూతపడినది మొదలు ఈ ప్రాంతమున వేలాదిమంది తెల్లవారకమునుపే రైలెక్కి బెంగుళూరికి పోయి, చీకటి పడినపిమ్మట ఇల్లు చేరుచున్నారు. వారిని పండుగనాడు అరిసెలు వండుడని ఆజ్ఞాపించుట క్రూరత్వము. కాని మన పిండివంటలు ఒక్కనాడు చేసి ఒక్కనాడు తినునవి కావు. అరిసెలు, చక్కిలాలు, చిక్కి, రాగిలడ్డు ముందు ఆదివారము చేసి డబ్బాలో పెట్టినను చెడవు. పూర్వము ఏ ఇంటను ఒక్కరే అరిసెలు వండలేదు. ఒకరు దంచగా, ఒకరు పాకము పట్టగా, ఒకరు తట్టగా, ఒకరు మూకుడుకడ కూర్చుండి తీసి చెక్కలతో నూనె నొత్తిరి. నాలుగిండ్లవారు కలిసి నేడొకరి ఇంట, రేపొకరి ఇంట చేసిరి. మనకు లోపించినది తీరిక కాదు, తోడు.

రెండవ ఆక్షేపణ ఇంకను బలమైనది. ఇంటి వంట గొప్పదని పాడువారందరు మగవారే. చేయవలసినవారందరు ఆడువారే యని చదువుకొన్న స్త్రీలు అడుగుచున్నారు. సరియైన ప్రశ్న. సంప్రదాయమును పొగడి, చాకిరిని మాత్రము ఇల్లాలి నెత్తిన పెట్టువాడు సంప్రదాయమునకు మిత్రుడు కాడు. అతనికంటె బేకరీకి పోయి కేకు తెచ్చినవాడే మేలు. కనీసము తన కాళ్లనైన నొప్పించుకొనెను. కాని మగవారికి ఈ పని తగదని చెప్పిన శాస్త్ర మేది? మేలైన వంటను మనము నలభీమపాక మందుము. నలు డొక రాజు. భీము డొక వీరుడు. పెండ్లిండ్లలో గాడిపొయ్యికడ నిలిచి వందలమందికి వండిపెట్టిన వంటవారును పెక్కురు మగవారే. పుట్టినరోజు బాబుదైనచో బెల్లము దంచవలసినవాడు తండ్రి, చెనిక్కాయలు పొట్టు తీయవలసినవాడు అన్న, ఉండలు చుట్టవలసినవాడు ఆ బాబే. ఈ షరతు లేకుండ మా వాదమును ఎవరును ఎత్తుకొనరాదు.

మూడవది, ఇంటి తీపియు తీపియే గదా యనుట. ఒప్పుకొనవలసిన మాట. బెల్లము ఔషధమని కొందరు చేయు ప్రచారము వట్టిది. ఒంటిలో చేరిన పిమ్మట అదియు చక్కెరయే. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో, ఇట్టి చక్కెరలు దినమునకు సుమారు 25 గ్రాములకు లోపడినచో మరింత మేలని సూచించినది. మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్లకు పైబడిరని 2023లో వెలువడిన భారత వైద్యపరిశోధన మండలివారి అధ్యయనము తెలుపుచున్నది. మరి ఇంటి తీపికి గల ఎక్కువ యేమి? దానికి హద్దు దానిలోనే యున్నది. ఆ హద్దు పేరు శ్రమ. అరిసెకు బియ్యము నానవలెను, తడిపిండి కొట్టవలెను, పాకము కాచుకొని కూర్చుండవలెను. ఇంత పని దినమును ఎవరు చేయుదురు? కనుక అరిసె సంక్రాంతికి వచ్చి సంక్రాంతితో పోయెను. అంగటి తీపికి ఆ హద్దు లేదు. జేబులో డబ్బున్న ప్రతిదినమును సంక్రాంతియే. పండుగ దినదినము వచ్చినచో పండుగయు మిగులదు, ఆరోగ్యమును మిగులదు.

ఇపుడు మొదట ఇచ్చిన మాటకు వత్తము. మన పిల్లలలో అధికులు బడిలో చదువునది కన్నడమో, ఇంగ్లీషో. కార్యాలయమున కన్నడము, రైలులో నాలుగు భాషల కలగలుపు. ఇది కష్టము కాదు. ఏ దేశమున నుందుమో ఆ దేశభాష నేర్చుట మన ధర్మము. కాని మన తెలుగు నిలిచిన చో టేది? వంటిల్లు. లేతపాకము, తీగపాకము, ఉండపాకము, ముదురుపాకము - ఈ నాలుగు మాటలును ఏ పాఠ్యపుస్తకమును నేర్పదు. నీళ్లలో వేసిన బెల్లపుబొట్టు వ్రేళ్లకు ఉండగా వచ్చినచో అరిసెకు తగినదనియు, అదే పగిలి టక్కుమన్నచో చిక్కికి తగినదనియు పొయ్యిముందర నిలిచిన పిల్లకే తెలియును. దోరగా, కమ్మగా, గుల్లగా, కరకరగా, జిగురుగా అను మాటలు నాలుకకు తెలియక చెవికి తెలియవు. మూకుడు మూలబడిననాడు ఈ మాటలును మూలబడును. కేకు పెట్టె విప్పు పిల్లవానికి కావలసిన భాష యేమున్నది? కత్తెర తెమ్మనుటకు ఒక్క మాట చాలును.

మన ఊరు బాణరాజు విజయాదిత్యుని పేర విజయాదిత్యమంగళమై, కాలక్రమమున బేతమంగళ యైనదని చరిత్రకారులు చెప్పుదురు. నోళ్లలో నలిగి నలిగి పేరు మారినది. కాని నోళ్లలో నుండుటచేతనే నిలిచినది. రాజు పోయెను, రాజ్యము పోయెను, నోటిలోని మాట మిగిలెను. భాష బ్రదుకు రహస్యమిదే. ఓళిగ యనుము, ఒబ్బట్టనుము, ఏమన్నను సరియే. కాని ఆ మాటతోపాటు ఆ వస్తువును పొయ్యిమీద నుండవలెను.

తుదకొక మాట మన తెలుగు సంఘములవారికే చెప్పవలసియున్నది. ఉగాదినాడు వేదికపై తెలుగుభాష తియ్యదనమును గూర్చి గంటసేపు ఉపన్యసించి, సభ ముగియగానే అంగటి మిఠాయి పెట్టెలు పంచువారు మనలో తక్కువగా లేరు. తియ్యదనము ఉపన్యాసమునకు విడిచి, తీపి మాత్రము కొనితెచ్చుట ఎట్టి భాషాసేవ? శ్రీరామనవమినాడు వీధిపందిళ్లలో పానకము, వడపప్పు, కోసంబరి కలిపి వచ్చినవారి కెల్ల పంచుచున్నారు. ఆ పనికి సభలు లేవు, తీర్మానములు లేవు. బిందె, గరిటె, పదిమంది చేతులు చాలినవి. వీధిలో సాధ్యమైనది సంఘములో సాధ్యము కాదా?

కావున మా మనవి యిది. వచ్చు ఉగాదికి ఒక్క పెట్టెయు కొనవలదు. ముందు ఆదివారము పది కుటుంబములు ఒక్కచోట చేరవలెను. మగవారు రుబ్బవలెను, ఆడువారు చెప్పవలెను, పిల్లలు చుట్టవలెను. ప్రతి పనిని దాని తెలుగు పేరుతో పిలువవలెను. పాకము మొదటిసారి చెడవచ్చును. చిక్కి రాయివలె గట్టిపడవచ్చును. ఓళిగ పగిలి పూర్ణము పెనమున కంటుకొనవచ్చును. అయినను అది మన చేతి ఓళిగ. వేపపువ్వు చేదుతో సంవత్సరమును మొదలుపెట్టు జాతికి పగిలిన ఓళిగ భయమేమి? వచ్చిన అతిథి దానిని చేతిలోనికి తీసికొని, ఇది చేసినవా రెవరని అడిగినపుడు, ఇంటిల్లిపాదియు ఒక్కటై మేమే యని బదులు చెప్పగలిగిన నాడు విందు అను మాటకు దాని రెండర్థములును మరల దక్కును.